యంత్రం పాడుకాలేదు



మా తాతగారు హోసూరు ప్రాంతంలో తెలుగు పంతులు. ఆయన చేతివ్రాత పుస్తకాలను ఇంటి స్కానరుతో కంప్యూటరుకెక్కిస్తూ ఉండేవాణ్ణి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో భద్రతా నవీకరణలు ఆగిపోయాయి. నేను 64 బిట్ల కొత్త విండోస్ వేయించాను. ఆనాటినుండి స్కానరు పలకలేదు. అద్దం పగలలేదు, దీపం ఆరలేదు. యంత్రం పాడుకాలేదు.

లోపం డ్రైవరుది. అది నిర్వహణ వ్యవస్థకూ పరికరానికీ నడుమ దుబాసీ. 32 బిట్ల విండోస్ డ్రైవరు 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. సరిదిద్దాలంటే దాని మూలరచన కావాలి. తయారీదారులు అదీ ఇవ్వలేదు, కొత్త డ్రైవరూ ఇవ్వలేదు.

ఈ గోడు పాతదే. 1980 ప్రాంతంలో ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్‌కు లేజరు ప్రింటరు ప్రోగ్రాము మూలరచన దొరకలేదు. కాగితం ఇరుక్కున్నప్పుడు కబురందించే ఏర్పాటును అందులో చేర్చలేకపోయారు. 1983లో ఆయన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం గ్నూ ప్రణాళికను ప్రకటించారు.

చివరికి లినక్స్ వేసి చూశాను. అందులో స్కానర్లకు ‘సేన్’ అనే బహిరంగ డ్రైవర్ల సముదాయం ఉంది. మూలరచన అందరిదీ కనుక, తయారీదారు వదిలేసిన పరికరాన్ని కూడా తెలిసినవారు కాపాడగలరు. నా స్కానరు మళ్ళీ పలికింది. మిగిలిన పుస్తకాలను చెదలు ముట్టకముందే ఎక్కించుకున్నాను.

అన్ని పరికరాలకూ ఈ అదృష్టం లేదు. నవీకరణలు మానుకోమని నేననను. భద్రతకు అవి అవసరం. కొనేముందు ఒక్క మాట అడగండి: దీని డ్రైవరు మూలరచన బహిరంగమేనా? ధర ఆ తరువాత అడగవచ్చు.