పని దగ్గరే ఉంది, దారే దూరం
(అమీన్‌పూర్ యువజన సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)

జై ఆదివాసీ! 

డిగ్రీ అయిపోయినంక మా కోయగూడెం నుంచి ఇక్కడికొచ్చి, పాశమైలారం వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరాను. అమీన్‌పూర్ నుంచి బీరంగూడ కమాన్ దాకా ఒక ఆటో, అక్కడి నుంచి ఇస్నాపూర్ చౌరస్తాకు ఇంకోటి, లోపలికి మరోటి. రానుపోను రోజుకు వంద రూపాయలు. జీతం 12 వేలు. 26 రోజులకు 2,600 ఆటోలకే పోయేది. రాత్రి పదింటికి షిఫ్టు విడిస్తే ఆ ఆటో కూడా దొరికేది కాదు.

నా రూమ్మేటుది నారాయణఖేడ్ దగ్గర తండా. ఇదే సంగారెడ్డి జిల్లా. అయినా రోజూ ఇంటికి పోయిరాలేక ఇక్కడ కిరాయి కడుతున్నాడు. వాళ్ల చెల్లెకు ప్యాకింగ్‌లో పని దొరికింది. రాత్రి పదింటికి ఎట్ల వస్తావని ఇంట్లో మాన్పించారు. ఆ పిల్లకు చదువు ఉంది, పనీ వచ్చు. లేనిది బస్సు.

మనకు స్కిల్ లేదంటారు. సరే, నేర్చుకుందాం. కానీ నేర్చుకున్నోళ్లు గేటు దాకా ఎట్ల పోవాలో కూడా చెప్పాలి కదా! సుల్తాన్‌పూర్‌లో 2017లో మెడికల్ డివైజెస్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అది మన అమీన్‌పూర్ మండలమే. పార్కుకు భూమి, రోడ్డు, కరెంటు ముందే ఆలోచిస్తారు. అందులో పనిచేసేటోళ్లు ఎక్కడ ఉండాలి, ఏ బస్సు ఎక్కాలి అన్నది ఎవరి ప్లాన్‌లోనూ కనబడదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటి కిరాయి మన జీతానికి అందదు.

2020 ఆగస్టులో రాష్ట్ర మంత్రివర్గం స్థానికులకు ఎక్కువ ఉద్యోగాలిచ్చే పరిశ్రమలకు అదనపు రాయితీలు ఇస్తామన్నది. సెమీ స్కిల్డ్‌లో 70 శాతం, స్కిల్డ్‌లో 60 శాతం స్థానికులు ఉండాలన్నది. మంచిదే, అమలు అడుగుదాం. కానీ ఒక్క కోటా మీదే ఆశ పెట్టుకోవద్దు. హర్యానా 75 శాతం చట్టం చేస్తే 2023 నవంబర్‌లో అక్కడి హైకోర్టు కొట్టేసింది. షిఫ్టు టైముకు బస్సు వేస్తే ఏ కోర్టూ కొట్టెయ్యదు.

ఇంకో మాట. స్థానికులకు పని అంటే బీహారోళ్ల మీద, ఒడిశావోళ్ల మీద కోపం కాదు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో యాభైమందికి పైగా కార్మికులు పోయారు. అందులో బయటి రాష్ట్రాల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినోళ్లే ఎక్కువ. వాళ్లూ మనలాంటోళ్లే. బస్సు వస్తే వాళ్లూ ఎక్కుతారు, ఎక్కనీయండి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. కానీ రాని బస్సుకు టికెట్ ఉచితమైతే ఏం లాభం? మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు మెట్రో అని ప్రతిపాదించారు. అది వచ్చినా పటాన్‌చెరు దాకే. అక్కడి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా సంగతేంది?

అందుకే మూడు అడుగుదాం. ఒకటి, పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది షిఫ్టులకు సరిపోయేటట్టు బీరంగూడ, పటాన్‌చెరు నుంచి సుల్తాన్‌పూర్, బొల్లారం, పాశమైలారాలకు బస్సులు. రెండు, కొత్త పారిశ్రామికవాడ ఏది కట్టినా అందులో తక్కువ కిరాయి హాస్టళ్లు, ఆడపిల్లలకు విడిగా. మూడు, ఖాళీల వివరాలు కాంట్రాక్టర్ నోట్లో కాదు, తండా పంచాయతీ బోర్డు మీద ఉండాలి.

ఎవరిని అడగాలి? 2013లో వచ్చిన హెచ్‌ఎండీఏ ప్లాన్ 2031 దాకా. ఇప్పుడు 2050 దాకా కొత్తది తయారు చేస్తున్నారు. ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాల్సిందే. రియల్ ఎస్టేట్‌వాళ్లు ఆ రోజు క్యూలో ముందుంటారు. మనమూ ఉందాం. 2018 తర్వాత మన తండాలు, గూడేలు చాలా పంచాయతీలయ్యాయి. గ్రామసభలో తీర్మానం చేసి పంపొచ్చు.

అప్పటిదాకా ఒక పని. పదిహేను రోజులు నోట్‌బుక్‌లో రాయండి: ఎన్నింటికి బయల్దేరారు, ఎన్ని బండ్లు మారారు, ఎంత ఇచ్చారు, రాత్రి ఎట్ల వచ్చారు. వందమంది రాస్తే అది మన వినతిపత్రం. నోటిమాట అయితే ఎవరూ లెక్కచెయ్యరు, లెక్క చూపిస్తే జవాబు చెప్పక తప్పదు.

మన పెద్దలు భూమి కోసం, అడవి కోసం కొట్లాడారు. ఆ కొట్లాట మనం వదల్లే. దానికి ఈ దారిని కూడా కలుపుతున్నాం.

జై ఆదివాసీ!