అలవాటు పడలేదండీ, చచ్చాయి

హ్యూస్టన్ చుట్టుపక్కల కేటీ నుంచీ, షుగర్‌ల్యాండ్ నుంచీ, పియర్‌ల్యాండ్ నుంచీ శనివారం సాయంత్రం పూట చేపల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. వెనకాల భోజనాలున్నాయన్న సంగతి నాకు తెలుసు, అయినా సంతోషం. కరపత్రంలో 'పరిణామ సిద్ధాంతం: ఒక పరిచయం' అని వేశారు. పరిచయం నేను చేయను. జాతి అంటే ఏమిటి, జన్యువు అంటే ఏమిటి అని మొదలుపెడితే మీకంటే ముందు నాకే నిద్రొస్తుంది. ఒక్క చేప సంగతి చెప్తాను. దాంతోపాటు మన జనంలో తిరుగుతున్న రెండు మూడు అపోహలకు ఇవాళ నీళ్లొదిలి వెళ్దాం.

గల్ఫ్ కిల్లీఫిష్. ఎరల కొట్లో దీన్నే మడ్ మిన్నో అని అమ్ముతారు, ఫ్లౌండర్ పట్టే సరదా ఉన్నవాళ్లకు బాగా తెలుసు. జానెడు కూడా ఉండదు. ఉప్పు కయ్యల్లో, బురద గట్ల వెంబడి బతుకుతుంది, పుట్టిన చోటు వదిలి పెద్దగా ఎటూ పోదు. ఈ చేప మన హ్యూస్టన్ షిప్ ఛానెల్లో కూడా ఉంది. 1914లో తెరిచిన ఆ కాలువ ఒడ్డున ఎన్ని రిఫైనరీలున్నాయో నేను చెప్పక్కర్లేదు, ఈ హాల్లో చాలామంది జీతాలు అక్కణ్ణించే వస్తాయి. డయాక్సిన్లు, పీసీబీలు, ఇంకా నానా రకాల విషాలు దశాబ్దాలుగా అక్కడి బురదలో పేరుకున్నాయి. శాన్ జసింటో నది పక్కన 1960ల్లో కాగితపు మిల్లు వ్యర్థాలు పోసిన గుంటలు సరేసరి. అవి 2008లో ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన కలుషిత స్థలాల జాబితాకు, అదే సూపర్‌ఫండ్ జాబితాకెక్కాయి. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మనమంతా ఇళ్లలోకి నీళ్లొచ్చాయని ఏడుస్తుంటే, అక్కడ ఆ గుంటల మీద వేసిన కప్పు దెబ్బతింది.

శుభ్రమైన నీళ్ల కిల్లీఫిష్ గుడ్లకు ఈ విషం తగిలితే పిండంలో గుండె సరిగ్గా ఏర్పడదు, చచ్చిపోతుంది. షిప్ ఛానెల్ చేపల గుడ్లకు అదే మోతాదు పోస్తే నిక్షేపంగా పిల్లలవుతాయి.

ఎందుకలా? ఈ ప్రశ్న ఎక్కడ వేసినా ఒకటే జవాబొస్తుంది. "అలవాటు పడిపోయాయి సార్!" ఇంజినీర్లూ అదే అంటారు, డాక్టర్లూ అదే అంటారు. మన వీధి చివరి బండి మీద పానీపూరీ తిని పెరిగినవాడికి ఏమీ కాదు అన్నంత ధీమాగా అంటారు. అదిగో, ఆ మూడో వరుసలో ఒకాయన నవ్వుతున్నారు, ఆయనా అదే అనుకుంటున్నారని నా అనుమానం.

అలవాటు పడిన కిల్లీఫిష్ కథ నిజంగానే ఒకటుంది. నా ఉపన్యాసాల్లో ఈ కథ రాకపోతే మా ఆవిడ ఆశ్చర్యపోతుంది, కాబట్టి చెప్పి తీరతాను. ఊరు హ్యూస్టన్ కదా, మీకు నచ్చుతుంది కూడా. 1973 జులై 28న స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి రెండో జట్టు బయల్దేరింది. ఆలన్ బీన్, ఓవెన్ గారియట్, జాక్ లూస్మా. వాళ్లతోపాటు ఒక ప్లాస్టిక్ సంచీలో రెండు చిన్న చేపలు, యాభై గుడ్లు. అంతరిక్షానికి వెళ్లిన మొట్టమొదటి చేపలు అవే. ఏ చేపనుకున్నారు? కిల్లీఫిషే. మనది కాదు, దాని దగ్గరి చుట్టం అట్లాంటిక్ కిల్లీఫిష్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. పైకి వెళ్లాక పాపం వాటికి ఏది పైనో ఏది కిందో తెలియలేదు. గిరగిరా మొగ్గలు వేస్తూ ఈదాయి. రోజులు గడిచేకొద్దీ మొగ్గలు తగ్గాయి, దీపం ఉన్న వైపే పైన అనుకుని వీపు అటు పెట్టి మామూలుగా ఈదడం మొదలెట్టాయి. మరి అక్కడ గుడ్లలోంచి వచ్చిన పిల్లలో? బయటికొచ్చిన మొదటి రోజు నుంచే శుభ్రంగా ఈదాయి. చిన్న బుర్రలో ఎంత తెలివి చూడండి. వ్యోమగాములకు మొదట్లో వాంతులయ్యాయి, ఈ పిల్లలు మాత్రం మొదటి నుంచీ హాయిగా తిరిగాయి.

ఇదీ అలవాటు అంటే. ఒక ప్రాణి తన బతుకులో తాను సర్దుకోవడం. జన్యువుల్లో చిన్న మార్పు కూడా రాలేదు, ఒక్క చేప కూడా దానికోసం చావలేదు. షిప్ ఛానెల్లో జరిగింది ఇది కానే కాదు. అక్కడ ఏ చేపా దేనికీ అలవాటు పడలేదండీ. చచ్చాయి. ఏటికేడు, గుడ్లు గుడ్లుగా చచ్చాయి. ఏ కొద్ది గుడ్లలోనో జన్యువుల్లో ఒక తేడా ఉంది, అవి మిగిలాయి. ఆ తేడా వాటి పిల్లలకొచ్చింది. ప్రకృతి వరణం అంటే ఇంతే. అందులో కృషి లేదు, పట్టుదల లేదు. ఆ పాఠాన్ని పిల్లలకు స్ఫూర్తి కథలాగా చెప్పడం దయచేసి మానండి.

ఇక 'బలవంతుడిదే రాజ్యం' అనేవాళ్లకు ఒక మాట. ఆ మిగిలిన చేపల దగ్గరున్న గొప్ప బలం ఏమిటంటే, ఒక పాడైపోయిన జన్యువు. ఒంట్లో ఏహెచ్ఆర్ అనే గ్రాహకం ఒకటుంటుంది. మనలోనూ ఉంది. డయాక్సిన్ లాంటిది తగలగానే అది మేలుకుని, విషాన్ని విరిచే యంత్రాంగాన్ని నడిపిస్తుంది. కానీ డయాక్సిన్ ఓ పట్టాన విరగదు. గ్రాహకం అరుస్తూనే ఉంటుంది, ఆ హడావిడిలో పిండం గుండె చెడిపోతుంది. పోపు పెట్టిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ పీకేసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తకండి, మీ ఇంటి ఓనర్ కూడా ఉండొచ్చు. ఈ చేపల్లో జరిగిందీ అదే, గ్రాహకం జన్యువులో ముక్క ఎగిరిపోయింది. మోగడం మానేసింది. విషం ఒంట్లో ఉంది, చేప బతికే ఉంది.

ఆ ముక్క ఎగిరిపోయిన జన్యువు ఎక్కణ్ణించి వచ్చిందన్నదే అసలు కథ. బేలర్ విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి చేసిన పని ఇది, 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఎలియాస్ ఒజియొలోర్, ఆండ్రూ వైట్‌హెడ్, కోల్ మాట్సన్ ప్రభృతులు. చేపల జన్యు పటం మొత్తం చదివి చూస్తే, విషాన్ని తట్టుకునే శక్తినిచ్చిన చోట్లలో రెండు అసలు ఈ చేపవే కావు. అట్లాంటిక్ కిల్లీఫిష్‌వి! మన స్కైలాబ్ చుట్టానివి. ఆ చేప కెనడా నుంచి ఫ్లోరిడా ఈశాన్య మూల దాకా ఉంటుంది. ఆ మూలన రెండు జాతులూ కలుస్తాయి, సంకరం కూడా అవుతాయి. కానీ అక్కణ్ణించి ఫ్లోరిడా అంతా చుట్టి గాల్వెస్టన్ దాకా ఈదుకొచ్చే రకం కాదు, మన చేపలాగే ఇదీ పెద్దగా ఎటూ పోదు. మనుషులే తెచ్చి ఉండాలి. అదీ ఎప్పుడో కాదు, 18 నుంచి 34 తరాల కిందట. చేప తరం ఏడాదో, ఏడాదిన్నరో. అంటే మొన్నమొన్నటి మాట.

వచ్చిన అట్లాంటిక్ చేపలు ఇక్కడి చేపలతో కలిశాయి. సంకరాలు పుట్టాయి, అవి మళ్లీ గల్ఫ్ చేపలతోనే జతకట్టాయి. తరాలు గడిచేసరికి అట్లాంటిక్ అంశ దాదాపు అంతా కరిగిపోయింది. విషాన్ని తట్టుకునే ఆ రెండు తునకలు మాత్రం పోలేదు. వాటిలో ఒకదానికి ఆ వ్యాసంలో కట్టిన వరణ గుణకం 0.8. లెక్కలవాళ్లు కుర్చీలో సర్దుకుంటున్నారు, చూశాను. అంటే తునక ఉన్న చేపలకు మిగిలే పిల్లలతో పోలిస్తే, లేనివాటికి మిగిలేవి చాలా తక్కువ. అడవిలో, నీటిలో ఇంత పెద్ద తేడా కనబడటం చాలా అరుదు.

ఇక్కడ ఒకరు కచ్చితంగా లేస్తారు: "సంకరానికి సంతానం ఉండదు కదండీ, కంచర గాడిద!" ఆ కంచర గాడిద నన్ను ముప్పై ఏళ్లుగా తరుముతోంది. గాడిదా గుర్రమూ కలిస్తే పుట్టేది గొడ్డుదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క జంతువును పట్టుకుని సృష్టి మొత్తానికీ చట్టం రాసేస్తే ఎలా? చేపల్లో చాలా వాటికి ఆ చట్టం వర్తించదు. మనూళ్లోనే చూడండి. భీమవరం, కైకలూరు వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, బాగుంది. 1957లో హీరాలాల్ చౌధురీ ఒడిశాలో పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించాక హేచరీలొచ్చాయి. హేచరీల్లో బొచ్చె, శీలావతి తల్లి చేపల్ని కలిపేస్తే సంకరాలు పుడతాయి. బొచ్చెకన్నా తల చిన్నది, శీలావతికన్నా త్వరగా పెరుగుతుంది. దానికీ గుడ్లవుతాయి, ఆ గుడ్లకూ పిల్లలవుతాయి. ఈ రెండింటినీ శాస్త్రజ్ఞులు చాలాకాలం ఒక ప్రజాతిలో కూడా పెట్టలేదు, అయినా కలుస్తున్నాయి. కంచర గాడిదని ఇక ఇంటికి పంపించేద్దామా?

రక్తం స్వచ్ఛంగా ఉంటేనే జాతి నిలుస్తుందనేవాళ్లు మరికొందరు. వాళ్ల వాదన చేపల దగ్గర ఆగితే నాకు ఇంత కోపం రాకపోను. సరే, అది వేరే సభకు.

కిల్లీఫిష్ గట్టెక్కింది కదా, కాబట్టి కాలుష్యం ఫర్వాలేదు అంటారా? ఆ చేప లక్షల్లో ఉంది, ఏటా బోలెడు గుడ్లు పెడుతుంది, పైగా అదృష్టం బహుశా ఓడెక్కి వచ్చింది. అంత సంఖ్య లేని జాతులు చడీచప్పుడు లేకుండా పోతాయి, వాటి మీద వ్యాసాలు రాయడానికేమీ మిగలదు. చేప బతికి ఉంటే నీళ్లు మంచివని కూడా కాదు. షిప్ ఛానెల్, దాని దిగువ బే పీతలూ క్యాట్‌ఫిష్‌ల మీద రాష్ట్ర ఆరోగ్య శాఖ డయాక్సిన్ హెచ్చరిక 1990లోనే వేసింది. పీతల పులుసు ప్రియులు పీత ఎక్కడిదో అడిగి కొనండి.

నిర్వాహకులు చెయ్యి ఊపుతున్నారు. అయిపోవచ్చిందండీ, ఇంకో నాలుగు మాటలు.

సంకరం ఎప్పుడూ మేలు చేస్తుందని నేను చెప్పినట్టు రేపు వాట్సాప్‌లో పెట్టకండి. మన టెక్సాస్‌లోనే పెకోస్ నదిలో పెకోస్ పప్‌ఫిష్ ఉండేది. 1980కీ 84కీ మధ్య ఎవరో ఎరల బకెట్‌లోంచి కాబోలు షీప్స్‌హెడ్ మిన్నో అనే చుట్టాన్ని వదిలారు. ఆ మగ చేపలు దెబ్బలాటల్లో గెలిచాయి, పెకోస్ ఆడ చేపలు కూడా వాటివైపే మొగ్గాయి. అయిదారేళ్లలో నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు నది పొడవునా సంకరాలే. వరణం ఇక్కడా పనిచేసింది, పాత జాతికి వ్యతిరేకంగా.

మొంటానాలో కట్‌త్రోట్ ట్రౌట్ కథ ఇంకోరకం. ఫ్లాట్‌హెడ్ నదీ ప్రాంతంలో వేట సరదా కోసం తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్‌తో కలిసి, పరాయి అంశ ఇరవై శాతానికి చేరేసరికే సంతానం సగానికి పడిపోయిందని క్లింట్ మల్‌ఫెల్డ్ బృందం 2009లో చూపింది. మరి సంతానం తగ్గితే సంకరాలు అంతరించాలి కదా? అంతరించడం లేదు, పాకుతున్నాయి. రెయిన్‌బోలు వస్తూనే ఉన్నాయి, కొన్ని మగ చేపలకు పిల్లలు మరీ ఎక్కువ. ఇది వివరంగా చెప్పాలంటే ఇంకో గంట కావాలి, వదిలేస్తున్నాను. రియో గ్రాండ్ దిగువన అమెజాన్ మోలీ అనే చేప ఉంది. లక్ష ఏళ్ల కిందటి సంకరం, అన్నీ ఆడవే, తమ నకళ్లనే కంటాయి. 1932లో కార్ల్ హబ్స్, లారా హబ్స్ దంపతులు చెప్తే జనం నోళ్లు తెరిచారు. అదీ వదిలేస్తున్నాను.

చివరిది గ్వాడలూప్ బాస్, 1989 నుంచి మన రాష్ట్ర చేప. 1974 నుంచి టెక్సాస్ నీళ్లలో స్మాల్‌మౌత్ బాస్ వదిలింది రాష్ట్ర వన్యప్రాణి శాఖే. రెండూ కలిసి సంకరాలు పెరిగాక, 1992 నుంచి గ్వాడలూప్ నది ఎగువన హేచరీ గ్వాడలూప్ పిల్లల్ని తెచ్చి పోసిందీ ఆ శాఖే. సంకరాలు బాగా తగ్గాయి.

ప్రశ్నలు అడగండి. కంచర గాడిద గురించి తప్ప.