అపరాధ పరిశోధన నవలలు – కచేరీ మాటల పుట్టుక



అపరాధ పరిశోధన నవల యనగానే పెద్దలు కొందఱు నొసలు చిట్లింతురు. పాఠ్యపుస్తకముల నడుమ దాచుకొని చదువునవి యని వాని కొక అపకీర్తి కలదు. అయినను ఆ నవలలు తెలుగువారికి చేసిన ఉపకార మొకటి కలదని మేము తలంచుచున్నాము. కచేరీ మాటలను అవి మన యిండ్లలోనికి తెచ్చినవి.

పాంచకడి దే వ్రాసిన వంగ నవలలు తెలుగునకు వచ్చినవి. దేవరాజు వేంకటకృష్ణారావుగారు ‘వాడే వీడు’ వ్రాసిరి. పిమ్మట కొమ్మూరి సాంబశివరావుగారి (1926–1994) డిటెక్టివు యుగంధర్ ఇంటింట పరిచితుడయ్యెను. ఇట్టి పుస్తకములలో ముద్దాయి, ఫిర్యాది, పంచనామా, జామీను, ఖూనీకోరు మున్నగు మాటలు కానవచ్చును. ఆ మాటలనే డిటెక్టివు కంటితో పరిశీలింతము.

మొదట ముద్దాయి. నేరము మోపబడినవానిని మన మట్లందుము. అరబ్బీలో ‘ముద్దయీ’ యనగా దావా వేసినవాడు, అనగా వాది! ఈ మాట కోర్టులో ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు నడచి బోనులో నిలిచినది. ఫిర్యాది మాత్రము తన చోటు విడువలేదు. ఫారసీలో ‘ఫర్యాద్’ అనగా మొఱ, మొఱపెట్టువాడే ఫిర్యాది.

ఆసామి కథ మఱియు వింతయైనది. అరబ్బీలో దాని కర్థము ‘పేర్లు’. చిత్తూరు సీమ పల్లెలలో ఆసామి యనగా భూమిగల రైతు. వంగభాషలో నేరస్థుడుగా నిలువబడినవాడు. వంగ నవలను తెలిగించువారు ఆ మాటను అట్లే యుంచినచో, నేరము పాపమా రైతు తలకు చుట్టుకొనును.

తప్పుడు జాడలును కలవు. ఖూనీకోరు అనగా ఖూనీని కోరువాడని తోచవచ్చును. కాని దగాకోరు దగాను కోరుట లేదు, చేయుచున్నాడు. ఈ ‘కోరు’ మన క్రియ కాదు. తినువాడను నర్థముగల ఫారసీ ‘ఖోర్’. ‘ఖూన్’ అనగా నెత్తురు.

ఈ మాటలు మనకెట్లు వచ్చినవి? ఆర్కాటు నవాబుల కాలమున ఫారసీ రాచకార్యముల భాష. 1801లో ఈ సీమ కుంఫిణీ వశమైనది. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు చిత్తూరు పట్టణము ఉత్తరార్కాడు జిల్లాకు ముఖ్యస్థానము. పాలకులు మాఱినను కచేరీ మాటలు నిలిచినవి. వీనిని బ్రౌనుదొర ప్రోగుచేసి 1854లో మిశ్రభాషా నిఘంటువుగా ప్రకటించెను.

ఇది వట్టి వినోదము కాదు. పంచనామాలో ‘పంచ’ మన మాట, ‘నామా’ ఫారసీ పత్రము. పెద్దమనుష్యుల సమక్షమున చూచినది చూచినట్లు వ్రాయవలసిన పత్రమది. చూడనిదానిపై సంతకము చేయరాదని ఆ పేరే చెప్పుచున్నది. జామీను మాటకు మూలమైన ‘జామిన్’ అనగా పూచీపడిన మనిషి. స్నేహితునికై జామీను నిలుచువాడు తానే బాధ్యుడగుచున్నాడని యెఱుగవలెను. ఎఱుగక చేసిన సంతకమువలన మడిచెక్క చేజాఱవచ్చును.

కావున ఇంట పిల్లలు డిటెక్టివు నవల చదువుచుండగా కసరుకొనవలదు. ప్రక్కన నిఘంటువు నుంచుడు. ఖూనీ చేసిన దెవ్వరో కడపటి పుటలో రచయితయే చెప్పును. మాట యెచ్చటనుండి వచ్చెనో మాత్రము వారే వెదకి, రాత్రి భోజనమువేళ మీకు చెప్పవలెను.