రాజ్యాలను తూకం వేసే వృత్తి



ఇప్పుడే పంతులుగారు పంచాంగం చదివి ఎవరి ఆదాయమెంతో, వ్యయమెంతో సెలవిచ్చారు. రాజ్యాలకు సైతం ఇటువంటి లెక్క కట్టడమే వృత్తిగా చేసుకొన్న ఒక అమెరికా పండితుని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆయన పేరు ఇయన్ బ్రెమ్మర్. 1969లో జన్మించారు. బోస్టను నగరం పక్కన చెల్సీ అనే ఊళ్లో, పేదలకై ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో పెరిగారు. నాలుగేళ్లప్పుడే తండ్రి పోతే తల్లి పెంచింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1994లో డాక్టరేటు పొందారు. పరిశోధనకు ఎన్నుకొన్న విషయం ఉక్రెయినులోని రష్యనులు. మన సభలో ఈ సంగతి దగ్గర కొంచెం ఆగాలి. 1991లో సోవియట్ యూనియను విడిపోయినప్పుడు ఆ రష్యనులు ఇల్లు కదలలేదు. సరిహద్దే వచ్చి వారికి అడ్డంగా నిలిచింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం తెలుగువారికి జరిగిందీ కొంతవరకు ఇదే. మనకు రాష్ట్రం మారిందే గాని దేశం మారలేదు, అంతవరకు అదృష్టవంతులం. అటువంటి జనం ఎవరి పక్షాన నిలుస్తారు? వారి పేరు చెప్పుకొని పొరుగు రాజ్యం కయ్యానికి వస్తుందా? బ్యాంకు ఖాతా పుస్తకాల్లో ఈ ప్రశ్నకు పద్దు లేదు.

1998లో 25,000 డాలర్లతో ఆయన యురేషియా గ్రూప్ అనే సంస్థ పెట్టారు. ఆ ఆగస్టులోనే రష్యా ప్రభుత్వం అప్పు తీర్చలేనని చేతులెత్తేసింది, రూబులు కూలింది. అప్పిచ్చేవాడు 'తీర్చగలడా?' అని చూస్తాడు. 'తీర్చే మనసుందా? తీర్చనిచ్చే రాజకీయముందా?' అని చూడడం ఈ వృత్తివారి పని. 2001లో లీమన్ బ్రదర్స్ అనే బ్యాంకుతో కలిసి దేశాల నిలకడను కొలిచే సూచిక ఒకటి తయారుచేశారు. పరాయి రాజ్యాల నిలకడ కొలిచిన ఆ బ్యాంకు 2008లో తానే దివాలా తీసింది. ఇది విధి పరిహాసం కాక మరేమిటి?

ఆయన గ్రంథాలలో నాకు నచ్చినది 2006 నాటి 'ది జె కర్వ్'. తలుపులు బిగించుకొన్న రాజ్యం కదలకుండా ఉంటుంది. బార్లా తెరిచిన రాజ్యం ఇంకా గట్టిగా నిలుస్తుంది. ప్రమాదమంతా తలుపు తీసే ఆ నడిమి కాలంలోనే. అక్కడ గీత ఇంగ్లీషు 'జె' అక్షరంలా ముందు పల్లానికి దిగి, తరువాత ఎత్తుకు లేస్తుంది. దక్షిణాఫ్రికా ఆ పల్లం దాటింది. యుగోస్లావియా అందులోనే ముక్కలైంది. 2009లో ప్రెస్టన్ కీట్‌తో కలిసి వ్రాసిన 'ది ఫ్యాట్ టెయిల్' అరుదుగా వచ్చినా కొంప ముంచే ఆపదలను గురించినది. పెద్దదిక్కు లేని ప్రపంచాన్ని 'జి-జీరో' అని పిలిచి 2012లో మరొకటి వ్రాశారు.

ఏటా జనవరిలో వీరి సంస్థ పది ఆపదల పట్టిక ప్రకటిస్తుంది. పంచాంగం వంటిదే గాని, గ్రహాల మీద నెపం పెట్టే వీలు లేదు! 2022 పట్టికలో మొదటిది చైనా కోవిడ్ విధానం. రష్యాది ఐదవ స్థానం. ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిను మీద దండెత్తాయి. తన యౌవనమంతా ఆ సరిహద్దు ప్రజలను పరిశోధించిన మనిషికే తూకం అంత కష్టమైంది. మరుసటి జనవరిలో రష్యా పేరు పట్టికలో మొదటిది.