ప్రింటరుపై పుట కొలత, పుట స్థానము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చి ఈ వేదికపై మాటాడగల పెద్దలు పెక్కురు కలరు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయము చాల చిన్నది: ప్రింటరుపై బొమ్మను కోరిన కొలతకు, కోరిన చోటికి తెచ్చుట యెట్లు? చిన్నదే గాని, మన బీరువాలలోని పాత గ్రంథముల ఆయుర్దాయము కొంత దీనిపై ఆధారపడి యున్నది.

చెదలు తినిన పుటకు బదులుగా వేరొక ప్రతినుండి స్కాను చేసిన పుటను అచ్చుతీసి అతికించుట నేడు పల్లెలలో సైతము సాధ్యమే. అయితే అది తక్కిన పుటలతో కలియవలెను గదా! క్రౌన్ 1/8 పుట సుమారు 127 మి.మీ. వెడల్పు, 190 మి.మీ. పొడవు ఉండును. మన ఎ4 కాగితము వెడల్పు 210, పొడవు 297 మి.మీ. 'ఫిట్ టు పేజ్' అను ఏర్పాటును అట్లే విడిచినచో, యంత్రము పుటను కాగితము నిండునట్లు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు పెంచివైచును. ఆ ఆకు పుస్తకములో ఇముడదు. ఇముడునట్లు కత్తిరింతమన్నచో అక్షరములకే కత్తెర తగులును. తెలుగున మరియు ప్రమాదము: పంక్తి క్రింది ఒత్తు ఒక్కటి తెగినను పదము మారిపోవును.

కావున 'యాక్చువల్ సైజ్', అనగా నూటికి నూరు పాళ్లు, అని ఎన్నుకొనవలెను. అంతమాత్రమున చాలదు. బొమ్మకు తన కొలత తనకు తెలిసి యుండవలెను. 1500 చుక్కల వెడల్పు గల బొమ్మ అంగుళమునకు 300 చుక్కల లెక్కను 5 అంగుళములగును. అదే బొమ్మపై 72 అని వ్రాసియున్నచో ఇరువది అంగుళములు దాటును. బల్ల అంచులు, వ్రేళ్ల నీడలు కత్తిరించి, పుట అంచువరకే బొమ్మను ఉంచుట మొదటి పని.

పిమ్మట 100 మి.మీ. గీతలు అడ్డముగ ఒకటి, నిలువుగ ఒకటి గీసిన కాగితమును అచ్చుతీసి, కొలబద్దతో కొలువుడు. గీత 96 మి.మీ. వచ్చినచో నూరును తొంబదియారుచే భాగింపుడు; నూటికి 104 పాళ్లు అని దిద్దవలెను. ఈ కొలబద్ద కంటె నమ్మదగిన సాధనము నాకు కంప్యూటరులో కానరాలేదు. వెడల్పును మాత్రము సాగదీయుట తగదు, అక్షరములు ఉబ్బును.

ఇక స్థానము. ఆకు రెండు వైపులను బొమ్మను కాగితము నడుమనే నిలుపుడు: ఎడమ కుడి ప్రక్కల 41.5 మి.మీ. చొప్పున వచ్చును. నిలువు అంచు ప్రక్కకు త్రిప్పి రెండవ వైపు అచ్చొత్తి, వెలుతురునకు ఎదురుగ పట్టి చూడుడు. యంత్రము రెండు వైపులను 2 మి.మీ. కుడికి జరిపినచో, తిరగవేసిన ఆకులో తేడా 4 మి.మీ. కనబడును. కావున కనబడిన తేడాలో సగమే ఎడమకు జరుపవలెను. ట్రేలోని పట్టీలు కాగితమును ఆనియుండనిచో ఎంత లెక్కించినను పుట వంకరగనే వచ్చును. లేసరు యంత్రపు వేడికి కాగితము కొంత ముడుచుకొనుట కూడ కలదు. వెంట్రుకవాసి తేడాకు బెంగపడవలదు.

మరియొక మాట. పొలముల పటములు అచ్చు తీసికొనుటకు రైతులు వచ్చుచుందురు. 1:1000 లెక్కను గీసిన పటమున 10 సెంటీమీటర్లు 100 మీటర్లకు గుర్తు. యంత్రము దానిని నూటికి 96 పాళ్లకు కుదించినచో, కొలబద్ద పెట్టిన రైతు 96 మీటర్లే చదువుకొనును. గట్టు తగవు ఇంటికి వచ్చును. పటముపై ముద్రించిన అంకె అబద్ధమగును గాని, గీసిన స్కేలు పట్టీ పటముతోపాటే కుదించుకొని నిజమే చెప్పును. కావున స్కేలు పట్టీ లేని పటమును కొలతకై ఇయ్యవలదని నా మనవి.

అచ్చు సరిపడిన ఆకును కత్తిరించునపుడు కుట్టువైపున 5 మి.మీ. అదనముగ విడువుడు; ఆ పట్టీకే మైదాపిండి జిగురు పూయవలెను. ఏ ప్రతినుండి తీసిన పుటయో లోపలి అంచున పెన్సిలుతో సన్నగ వ్రాసి, జిగురు ఆరువరకు పుస్తకమును బరువు క్రింద నుంచుడు.