ఉన్న ఆస్తి నిలవాలంటే

(రైతు దంపతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొలం పనులు మానుకొని వచ్చారు కనుక ఎక్కువసేపు ఆపను. ఈవేళ నేను చెప్పదలచినది మీ ఇంటి ఆస్తి గురించి. "ఆరోగ్య కేంద్రం వాళ్ళకి మా ఆస్తులతో పనేమిటి?" అంటారేమో. పని ఉంది, వినండి.

చిన్న రైతు ఆస్తి అంటే ఏమిటి? రెండు మూడెకరాల భూమి, ఒక పాడిగేదె, నాలుగు మేకలు, ఇల్లాలి మెడలో కాస్త బంగారం. అంతే కదా! కష్టం వచ్చినప్పుడు ఇవి సాధారణంగా ఒక వరుసలో గడప దాటుతాయి. ముందు మేకలు సంతకు పోతాయి, తరువాత బంగారం తాకట్టుకు పోతుంది, ఆ తరువాత గేదె, చివరకు భూమి. మేక పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. గేదె పోతే పిల్లల పాలూ, రోజువారీ రాబడీ, చేనుకి ఎరువూ ఒక్కసారే పోతాయి. భూమి పోతే రైతు కూలీ అవుతాడు.

దీనికంతటికీ పిల్లలే కారణమని నేను అనను. వాన రాకపోవడం, ధర పడిపోవడం మన చేతిలో లేవు. కాని మన చేతిలో ఉన్నవి మూడున్నాయి.

మొదటిది అప్పు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగానే కనబడుతుంది. 50,000 రూపాయల అప్పుకి ఏడాదికి వడ్డీ 12,000. బ్యాంకులో పంట రుణం తీసుకొని గడువులోగా కడితే, రాయితీ పోను నూటికి ఏడాదికి 4 రూపాయలే. అంటే 2,000. ఈ తేడా ఒక్కటే ఏడాదికి 10,000!

రెండవది పంపకం. మన దేశంలో 1970-71లో ఒక్కో కమతం సగటున 2.28 హెక్టార్లు, అంటే అయిదున్నర ఎకరాల పైమాటే. 2015-16 నాటికి అది 1.08 హెక్టార్లకు, అంటే రెండెకరాల అరవై ఏడు సెంట్లకు దిగింది. తరతరానికీ పంచుకుంటూ పోతే ఇంకేమవుతుంది? మీ నాలుగెకరాలు ఇద్దరు బిడ్డలకైతే రెండేసి ఎకరాలు, నలుగురికైతే ఒక్కొక్కటి. "మగపిల్లవాడు పుట్టేదాకా చూద్దాం" అనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 2005 నుంచి దేశమంతటా చట్టమే. చదివించిన కూతురు కూడా ఇంటికి దిక్కే.

మూడవది పాస్ పుస్తకంలో రాయని ఆస్తి. అది తల్లి ఆరోగ్యం. నాట్లు, కలుపు, పాడి, వంట, అన్నీ ఆమె చేతి మీదే నడుస్తాయి. వెంటవెంటనే కాన్పులైతే ఒంట్లో రక్తం తగ్గుతుంది, పని ఆగుతుంది, ఆసుపత్రి ఖర్చుకి గేదెను అమ్మాల్సి వస్తుంది. కాన్పుకీ కాన్పుకీ మూడేళ్ళ ఎడం ఉంచండి. కాపర్-టి కాన్పయిన 48 గంటల్లోపే వేయించుకోవచ్చు. రకాన్ని బట్టి 5 లేక 10 సంవత్సరాలు పనిచేస్తుంది, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజక్షన్ ఉంది, నిరోధ్ ఉంది. ఎవరికి ఏది సరిపడుతుందో పరీక్షించి చెబుతారు.

ఇక పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్. అన్నల్లారా, ఇది ఆడవాళ్ళ పనే అనుకోకండి. మగవారి ఆపరేషన్ ఆడవారి దానికంటే చిన్నది, తేలికైనది. మగతనం తగ్గదు, కష్టపడే బలమూ తగ్గదు. అయితే తరువాత మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలాకే మానాలి. ఆపరేషన్ శాశ్వతమైనది కనుక బాగా ఆలోచించుకొని రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ సేవలన్నీ ఉచితం. ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయకూడదు, నిర్ణయం మీ ఇద్దరిదీ.

ఈ రాత్రి అన్నాలయ్యాక ఆలుమగలు కలిసి ఒక కాగితం మీద రాసుకోండి. ఉన్నదెంత? అప్పెంత? ఎంత కష్టమొచ్చినా అమ్మకూడనిది ఏది? మళ్ళీ బిడ్డ కావాలా, కావాలంటే ఎప్పుడు? జవాబు తెలియనిచోట ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడగండి. అడగడానికి సిగ్గెందుకు?