మోటారు సైకిలు నడకయు స్ప్రింగుల సవరణయు



సాంస్కృతిక సంఘ వేదికపై సంగీతమును గూర్చియో సాహిత్యమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. మోటారు సైకిలు స్ప్రింగులను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు కోరినపుడు మిత్రులు కొందఱు నవ్విరి. కాని యొక్క సంగతి మనవి చేసికొందును. మన సభ్యులలో పెక్కుమంది కార్యాలయమునకు వచ్చునది ద్విచక్రవాహనముపైననే. సాయంకాలము భార్యను బజారునకును, ఆదివారము తల్లిని గుడికిని గొనిపోవునదియు దానిపైననే. ఆ బండి వానలో జాఱక నిలుచుట, వంపులో చెప్పినట్లు తిరుగుట, వెనుక గూర్చున్నవారు నడుము నొప్పి లేక యిల్లు చేరుట — ఇవి చాలవఱకు పది నిమిషములలో చేయదగిన యొక చిన్న సవరణపై ఆధారపడి యున్నవి. అందుకు వలసిన కొక్కెపు స్పానరు చాల బండ్లతోపాటు కొన్ననాడే లభించును. పెక్కిండ్లలో అది సీటుక్రింద తుప్పు పట్టుచుండును.

మొదట నీ స్ప్రింగులు దేనికో విచారింతము. మనకు సుఖము కలిగించుటకని యందఱు ననుకొందురు. అది రెండవ ప్రయోజనము. టైరు నేలను విడువకుండ చూచుట మొదటి ప్రయోజనము. టైరు నేలను విడిచిన క్షణమున బ్రేకు పనిచేయదు, మలుపు తిరుగదు. తొలినాటి మోటారు సైకిళ్లలో చాలవాటికి వెనుక చక్రమునకు స్ప్రింగులే లేవు. సీటు క్రింది స్ప్రింగులే దిక్కు. 1935లో జర్మనీలోని బీఎండబ్ల్యూవారు నూనెతో అదుపుచేయబడు టెలిస్కోపిక్ ఫోర్కును ముందు చక్రమునకు అమర్చిరి. మనవారికి చిరపరిచితమైన బుల్లెట్టు ఇంగ్లండున 1940ల చివర వెనుక చక్రమునకు ఊగెడు చేతిని, స్ప్రింగులను ధరించి వెలువడినది. 1955లో మద్రాసున కంపెనీ యేర్పడి, ఆ బండి మన దేశపు బండియే యైనది. నేటి సామాన్యపు బండ్లన్నియు మొత్తముమీద నా మార్గముననే నడచుచున్నవి.

దీనిలో రెండు భాగములు గలవు. ఒకటి స్ప్రింగు: బరువును మోయును. రెండవది నూనె నిండిన గొట్టము: స్ప్రింగు గంతులను అణచును. ఢిల్లీ మెకానిక్కులు షాకరు అనునది ఈ రెంటి కలయికయే. స్ప్రింగు మాత్రమే యున్నచో బండి ప్రతి గుంటకును బంతివలె ఎగురుచుండును. సన్నని రంధ్రములగుండ నూనె మెల్లగా పాఱుటవలన ఆ శక్తి వేడిగా మాఱి శమించును.

ఇక సవరణ. వెనుక షాకరు క్రింది భాగమున మెట్లు గల యొక వలయ ముండును. సాధారణముగా ఐదారు మెట్లు. దానిని త్రిప్పినచో స్ప్రింగు గట్టిపడునని లోకములో నొక యభిప్రాయము గలదు. అది సరికాదు. స్ప్రింగు గట్టితనము దాని తీగ లావును, చుట్ల సంఖ్యను, చుట్టు వెడల్పును బట్టి యుండును. వలయము దానిని మార్చదు. 17వ శతాబ్దమున రాబర్టు హుక్కు తెలిపిన నియమము ప్రకారము బరువు ఎంత పెరిగిన స్ప్రింగు అంత అణగును. లెక్క సౌలభ్యమునకై, 20 కిలోలకు ఒక సెంటీమీటరు అణగు స్ప్రింగు ననుకొందము. వలయమువలన దానిని ముందుగనే 2 సెంటీమీటర్లు నొక్కి యుంచినచో, అది 40 కిలోలను కదలకయే మోయును. 80 కిలోల బరువు పడిన, మిగిలిన 40 కిలోలకు 2 సెంటీమీటర్లు దిగును. వలయమును త్రిప్పి 3 సెంటీమీటర్లు నొక్కినచో, అదే బరువునకు ఒక సెంటీమీటరే దిగును. అనగా బండి వెనుకభాగము ఎత్తుగా నిలుచును. ఆ పైన ప్రతి 20 కిలోలకు ఒక సెంటీమీటరు దిగుట మాత్రము యథాతథము. కావున వలయము సవరించునది బండి నిలుచు ఎత్తునే గాని గట్టితనమును గాదు. ఈ యొక్క విషయము గ్రహించినచో సగము విద్య వచ్చినట్లే.

ఎత్తు మారిన ఏమగును? వెనుకభాగము మిక్కిలి క్రుంగినచో ముందు చక్రముపై బరువు తగ్గును. ఫోర్కు వాలు పెరుగును. బండి వంపులో మొండికెత్తి వెలుపలికి పోజూచును. హెడ్ లైటు వెలుగు పైకి లేచి యెదుటివాని కన్నులలో పడును. వెనుకభాగము మిక్కిలి ఎత్తయినచో ఫోర్కు నిటారగును. హ్యాండిలు చపలమై, గతుకులలో వెనుక చక్రము ఎగిరిపడును. ఒంటరిగా పోవునపుడును, ఇద్దఱు పోవునపుడును ఒకే మెట్టు తగకపోవుటకు కారణ మిదియే. వెనుక మనిషి బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రముపైననే పడును.

ఎంత దిగవలెను? మామూలు రోడ్లకు చక్రము కదలగల మొత్తము దూరములో సుమారు మూడవ వంతు బండియు మనిషియు కలిసిన బరువునకు దిగియుండుట మేలు. 90 మిల్లీమీటర్లు కదలు షాకరునకు 30 మిల్లీమీటర్లు. కొలుచుట సులభము. బండిని నడిమి స్టాండుపై నిలిపి, వెనుక చక్రము గాలిలో నుండగా, ఇరుసు నుండి పైన సీటు అంచువఱకు టేపుతో కొలిచి వ్రాసికొనుడు. తరువాత స్టాండు తీసి, మీరెక్కి కూర్చుండి, ఒకరు బండిని పట్టుకొనగా వేఱొకరిచే తిరిగి కొలిపింపుడు. భేదమే దిగుడు. ఎక్కువైన మెట్టు పెంచుడు, తక్కువైన దించుడు. ఇరుప్రక్కల షాకరులును ఒకే మెట్టుపై నుండవలెను. వెనుక కూర్చుండువారితో మఱల కొలిచి, వారికి తగిన మెట్టును గుర్తుంచుకొనుడు.

నూనె సంగతి. హ్యాండిలును పట్టి ముందుభాగమును బలముగా నొక్కి వదలుడు. అది పైకి వచ్చి నిలిచిన మంచిది. రెండు మూడు మారులు ఊగినచో నూనె పలుచబడినదో, తగ్గినదో యని తెలియవలెను. ఫోర్కు గొట్టముపై జిడ్డు కనబడిన సీలు మార్పింపవలెను. కాఱిన నూనె ముందు బ్రేకుపై పడినచో ప్రమాదము. ఖరీదైన బండ్లకు నూనె బిగువును మార్చు మరలు ప్రత్యేకముగా నుండును. పైకి లేచు వేగమును మితిమీఱి బిగించినచో, వరుస గతుకులలో చక్రము తిరిగి దిగుటకు వ్యవధి లేక షాకరు క్రమముగా ముడుచుకొనిపోవును. అట్టి మరలను త్రిప్పుటకు ముందు, పూర్తిగా బిగియువఱకు ఎన్ని క్లిక్కులో లెక్కించి వ్రాసికొని, మఱల యథాస్థానమునకు తేవలెను. ఒకమారు ఒక్కదానినే, అదియు రెండు క్లిక్కులు మాత్రమే మార్చి, అదే రోడ్డుపై నడిపి చూడవలెను. ఫైలుపై నోటు వ్రాయనిదే మనము చర్య తీసికొనము గదా! ఆ యలవాటు ఇచ్చట మిక్కిలి యుపకరించును.

వీనికంటె ముందు చూడవలసినది టైరులోని గాలి. టైరు కూడ నొక స్ప్రింగే. ఢిల్లీవంటి యూరిలో జూన్ నెలలో 45 డిగ్రీల యెండకు 30 పౌండ్లు నింపిన టైరు, జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల చలికి, గాలి రవంతయు కాఱకయే 5 పౌండ్లకు పైగా తగ్గును. గాలి సరిచూడక షాకరు సవరించుట పునాది చూడక గోడకు సున్నము వేయుటవంటిది. గాలిని బండి చల్లగా నున్నపుడే చూడవలెను.

రోడ్లపై వేగనిరోధకములను గూర్చి యొక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 1988 నాటి ప్రమాణములో గుండ్రని గట్టు 10 సెంటీమీటర్ల ఎత్తును, 3.7 మీటర్ల వెడల్పును గలిగియుండవలెనని యుండెను. కాలనీలలో ఇష్టానుసారముగా కట్టిన సన్నని గట్టులు ఆ కొలతకు లోబడవు. వానికి ఏ మెట్టును విరుగుడు కాదు; వేగము తగ్గించుటయే విరుగుడు. గట్టు నెక్కకముందే బ్రేకు వేసి, ఎక్కునప్పటికి వదలవలెను. బ్రేకుతో ఫోర్కు అప్పటికే ముడుచుకొని యుండిన, గట్టు తాకిడిని మ్రింగుటకు దానికి చోటు మిగులదు.

చివరగా నొక కఠినమైన మాట చెప్పక తప్పదు. భార్యను, ఇద్దఱు పిల్లలను ఒకే బండిపై నెక్కించుకొని పోవువారిని మనము నిత్యము చూచుచున్నాము. పై మెట్టుకు త్రిప్పితిని గదా యని ధైర్యపడువారును గలరు. స్ప్రింగు ఎత్తును తిరిగి తెచ్చునే గాని, బ్రేకులకును టైరులకును బలము నీయలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము వెనుక ఒక్కరినే యనుమతించుచున్నది. 2019 నాటి సవరణ నాలుగేండ్లు దాటిన పిల్లలకును శిరస్త్రాణము వలయునని చెప్పుచున్నది. చట్టము చెప్పినది పోలీసులకు వెఱచి కాక, వెనుక గూర్చున్నవారు మనవారే యని తలచి పాటింపవలెను.

కావున మొదట గాలి, పిదప దిగుడు, ఆపైన నూనె — ఈ వరుసను మఱువకుడు. అరిగిన బేరింగులను, వదులైన ఇరుసులను ఏ మెట్టును దాచలేదు. వానిని మెకానిక్కునకు చూపుడు. ఈ యాదివారము ఒక టేపు, ఒక కాగితము, ఇంటిలోని మఱియిద్దఱి సాయము చాలును. పిల్లలను కొలువనిండు, హుక్కు నియమము వారికి పాఠ్యపుస్తకములోకంటె బాగుగా తెలియును.